మా ఆవిడ గొంతుకు నేను చేయించిన రిపేరు

ముందే చెప్పేస్తున్నాను. నిక్షేపంలాంటి ఒక గొంతుకు రెండేళ్ళపాటు పట్టుబట్టి వైద్యం చేయించిన మహానుభావుడి కథ ఇది. ఆ మహానుభావుడు నేనే. ఆ గొంతు మా ఆవిడ అన్నపూర్ణది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ మీకంటే ముందే నవ్వేసింది. చివరికొచ్చేసరికి మీ నవ్వు ఎక్కడైనా ఆగిపోతే మాత్రం, దాన్ని కూడా నా పద్దులోనే రాసుకోండి.

మండపేటలో ఒక బియ్యం మిల్లులో ఫోర్‌మనుగా నా ఉద్యోగం గడిచింది. అక్కడ నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. "చెవిగారు" అనేవారు. ఎందుకో చెబితే సొంత డబ్బా అవుతుంది, అయినా చెబుతాను. మిల్లులో ఏ బేరింగయినా పాడవబోతుంటే ముందు నాకు చెప్పుకునేది. నా దగ్గర చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొన బేరింగు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమిపెట్టి, కళ్ళు మూసుకునేవాణ్ణి. మిల్లంతా ఎంత హోరు పెడుతున్నా ఆ ఒక్క బేరింగు మూలుగు ఎముకలోంచి తిన్నగా నా తలలోకి వచ్చేసేది. "ఎల్లుండి దాకా లాగుతుందండి, ఈలోగా కొత్తది తెప్పించండి" అనేవాణ్ణి. సరిగ్గా ఎల్లుండే పోయేది. నేను కళ్ళు మూసుకున్నంతసేపూ ఓనరు గారు కూడా మాట్లాడేవారు కాదు. హారతి ఇస్తున్నప్పుడు నిలబడ్డంత భక్తిగా నిలబడేవారు.

ఇలా ముప్పై ఏళ్ళు పైన గడిచాక ఎంతటివాడికైనా ఒక సిద్ధాంతం ఏర్పడిపోతుంది. నా సిద్ధాంతం ఇది: మోత మారిందంటే తప్పు మిషనుది. చెవిది కానే కాదు.

రిటైరయ్యాక ఈ సిద్ధాంతానికి మిషన్లు దొరక్క ఇంటి మీద పడ్డాను. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఏ పనైనా వరస ప్రకారం చేసే అలవాటు కూడా. ఇంట్లో మోతలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయని గమనించి వరసగా పని మొదలుపెట్టాను. కాలింగ్ బెల్లు మార్చాను. కుక్కరు ఈల వేయడం మానేసిందని దాని విజిలు మార్చాను. కొత్తదీ ఈల వేయలేదు. ఈ కాలపు సరుకంతా ఇంతేనని రాసుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది అన్నపూర్ణ.

ఆవిడ గొంతు రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇది అనుమానం కాదు, తర్కం. పాలు పోసే అతని మాట నాకు వినపడుతోంది. పక్కింటి కొట్టు యజమాని మాట వినపడుతోంది. మా బావమరిది సూరిబాబు మాటయితే వీధి మలుపు తిరగకముందే వినపడుతుంది. వినపడనివి రెండే. ఒకటి అన్నపూర్ణది, రెండోది పిఠాపురంలో ఉన్న మా అమ్మాయిది, ఫోనులో. ఊరందరి మాటా వినపడుతూ ఆ ఇద్దరిదే వినపడలేదంటే లోపం ఎక్కడుందో చంటిపిల్లాడు కూడా చెబుతాడు. తల్లీకూతుళ్ళ గొంతులో ఉంది. వంశపారంపర్యం.

"మీ పుట్టింటి వాళ్ళకి గొంతులో బలం తక్కువ, అన్నపూర్ణా" అన్నాను ఒకరోజు.

ఆవిడ ఏదో అంది. పెదవులు కదిలాయి.

"ఏంటీ?"

"మరి మా తమ్ముడి సంగతేంటండీ అంటున్నా. వాడు నోరు తెరిస్తే కాకులు లేచిపోతాయి కదా."

"అదే నేననేది. మీ ఇంటి గొంతు బలమంతా వాడికే రాసిచ్చేశారు. ఆడపిల్లవని నీకేం మిగల్చలేదు."

ఆవిడ నా వైపు కాసేపు చూసి, కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బాధపడిందనుకున్నాను. నవ్విందని తర్వాతెప్పుడో తెలిసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. వినలేక గొంతు ఓడు అనడం వాళ్ళకి తట్టలేదు. పాపం, అప్పటికి నేనింకా పుట్టలేదు.

వైద్యం మొదలైంది. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించడం. మధ్యాహ్నం బుగ్గన కరక్కాయ ముక్క. సాయంత్రం మిరియాల కషాయం, అది నేనే కాచేవాణ్ణి, బాయిలరు చూసుకున్నంత శ్రద్ధగా. పెరుగు బందు. చల్లటి నీళ్ళు బందు. అన్నిటికంటే ఘోరం, ఆవకాయ బందు. గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషికి కొత్తావకాయ పట్టే రోజుల్లో ఆ మాట చెప్పడమంటే ఊపిరి తీసుకోవద్దని చెప్పడమే. అయినా ఆవిడ ఎదురు చెప్పలేదు. జాడీకి వాసెన కట్టి పైన పెట్టేసింది. నేను డైరీలో రోజూ రాశాను: గొంతు తక్కువ. గొంతు తక్కువ. నేడు కొంచెం నయం. (ఆ రోజు ఆవిడకి నా మీద కోపం వచ్చింది.)

కషాయాలు పనిచేయకపోయేసరికి అసలు పరీక్షే చేద్దామని ఒక మధ్యాహ్నం పాత స్క్రూడ్రైవరు బయటికి తీశాను. మొనకు గుడ్డ చుట్టి, అన్నపూర్ణను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ మొనను ఆవిడ గొంతుకు ఆనించాను. పిడి నా చెవి వెనక. కళ్ళు మూసుకున్నాను.

"ఊఁ అను."

ఆవిడ ఊఁ అంది. ఆశ్చర్యం. గుంయ్‌మని, బ్రహ్మాండంగా, మోటారు తిరుగుతున్నట్టు వినపడింది.

"చూశావా? లోపల మోటారు బాగానే ఉంది. బయటికొచ్చే దారిలోనే ఎక్కడో లీకుంది."

సరిగ్గా అప్పుడే సూరిబాబు గుమ్మంలోకి వచ్చాడు. వాళ్ళ అక్క తల వెనక్కి వాల్చి ఉంది. నేను కళ్ళు మూసుకుని ఆవిడ గొంతుకు స్క్రూడ్రైవరు పెట్టి ఉన్నాను. వాడి చేతిలో అరటిపళ్ళ సంచీ కింద పడిపోయింది.

"బావగారూ, మెల్లిగా అది కింద పెట్టండి. ఏదైనా ఉంటే మాట్లాడుకుందాం."

"ఉండరా, టెస్టింగులో ఉన్నాను."

"అక్కా, నువ్వు ఇటు వచ్చెయ్యి."

"నాకేం కాలేదురా" అంది అన్నపూర్ణ, గొంతు కదలకుండా. "మీ బావగారు నాకు గ్రీజు పెడుతున్నారు."

సంగతంతా విన్నాక సూరిబాబు నన్నొకసారి, అక్కనొకసారి చూశాడు. ఆవిడ వాడికి కళ్ళతో ఏదో సైగ చేసింది. వాడు నోరు మూసుకున్నాడు. జీవితంలో వాడు నోరు మూసుకోవడం నేను చూసింది అప్పుడే. అది కూడా నాకు అనుమానం కలిగించలేదు.

చివరికి రాజమండ్రిలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. బోర్డు మీద ఆ మూడూ రాసి ఉన్నాయి. నాకు కావలసింది మూడోది. మొదటిది కూడా ఆయన మా కోసమే రాయించారని నాకు తెలియదు.

ఆయన వయసులో మా అమ్మాయంతటివాడు. అన్నపూర్ణ గొంతులో లైటు వేసి, అద్దం పెట్టి, నిదానంగా చూశాడు.

"గొంతు చాలా బాగుందండి. ఏంటి ఇబ్బంది?"

ఆవిడ చెప్పబోతుంటే నేనే అందుకున్నాను. రెండేళ్ళ చరిత్ర వరసగా చెప్పాను. కరక్కాయ దగ్గర ఆయన తల దించుకున్నాడు. స్క్రూడ్రైవరు దగ్గర కుర్చీ అటు తిప్పేసుకున్నాడు. ఏదో మందు కోసం వెతుకుతున్నాడేమో అనుకుని ఓపిగ్గా కూర్చున్నాను. చాలాసేపటికి అన్నపూర్ణ నా మోచెయ్యి తట్టింది.

"డాక్టరు గారు మిమ్మల్ని మూడుసార్లు పిలిచారండీ."

అటు తిరిగి, మెల్లిగా పిలిచాడట. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

తర్వాత నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చేతికి ఒక బటను ఇచ్చారు. కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. ముందు బాగానే నొక్కాను. తర్వాత నిశ్శబ్దం. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చి, అక్కడ కూర్చున్న అమ్మాయికి చెప్పాను.

"అమ్మా, మీ మిషను ఆగిపోయింది. వైరు చూసుకోండి."

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి, "మిషను నడుస్తూనే ఉందండి" అంది. నాకు వినపడాలని గట్టిగానే అంది. ముప్పై ఏళ్ళ నా సిద్ధాంతానికి అంత్యక్రియలు ఆ ఒక్క మాటతో జరిగిపోయాయి.

డాక్టరు గారు కాగితం మీద చెవి బొమ్మ గీశారు. "గాలిలో వచ్చిన మోత ఈ పొరను కొడుతుందండి. పొర వెనక మూడు ఎముకలు. నూక గింజలంత ఉంటాయి. అవి ఆ అదురును లోపలికి అందిస్తాయి. లోపల నత్తగుల్లలాంటిది ఉంటుంది, నీళ్ళతో. ఆ నీళ్ళలో వరినాట్లలాగా సన్నటి వెంట్రుకలు నిలబడి ఉంటాయి. నీళ్ళు కదిలితే అవి ఊగుతాయి. ఆ ఊగడాన్నే మెదడు మాట అంటుంది. మీది వరి దేశమే కదండీ, చెప్పండి, చేలోకి నీళ్ళు ఒక్కసారి తోసుకొస్తే ముందు ఏ దుబ్బులు పడిపోతాయి?"

"మడవ దగ్గరవి. నీళ్ళు చేలోకి దిగే గండి దగ్గరవి."

"ఇక్కడా అంతేనండి. సన్నటి కూతలు వినిపించే వెంట్రుకలన్నీ మడవ దగ్గరే ఉంటాయి. మీ మిల్లు హోరంతా వాటి మీదుగానే లోపలికి వెళ్ళింది, ఇన్నేళ్ళూ. అవి పడిపోయాయి. బరువు గొంతులు లోపలి వెంట్రుకలకు అందుతాయి కాబట్టి మగవాళ్ళ మాట వినపడుతోంది. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు, కుక్కరు ఈల, ఇవి పోయాయి."

"మళ్ళీ నాటుకోవచ్చా?"

"ఈ చేలో రెండో పంట ఉండదండి." మళ్ళీ ఆయనే అడిగాడు. "మిల్లులో చెవుల్లో ఏమైనా పెట్టుకునేవారా?"

"చెవులు మూసుకుంటే బేరింగు చెప్పేది ఎలా వినపడుతుందండీ?"

ఆయన కలం కింద పెట్టాడు. అన్నపూర్ణ వైపు తిరిగాడు. "అమ్మా, మీకు ఈ సంగతి తెలియదా?"

"తెలుసండి" అంది ఆవిడ. "చెబుదామనే అనుకున్నానండి. చెబితే వినపడాలి కదండీ."

ఆ గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరూ ఎందుకు నవ్వారో ఆవిడ మళ్ళీ గట్టిగా చెప్పాక.

చెవిలో పెట్టుకునే మిషను వచ్చింది. పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు నేను మరిచిపోలేను. పోపులో ఆవాలు చిటపటలాడతాయన్న సంగతి నేను మరిచేపోయాను. కాగితం మీద కలం నడిస్తే చప్పుడవుతుంది. మా గోడ గడియారం బతికే ఉంది. కుక్కరు ఈల వేసింది, నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఇంతలో వంటింట్లోంచి పిడుగు పడ్డట్టు ఒక కేక.

"కాఫీ ఇమ్మంటారాండీ?"

"ఎందుకలా అరుస్తావు? నేను ఇక్కడే ఉన్నానుగా."

ఆవిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "నేనరవలేదండీ. ఇదే నా గొంతు." తర్వాత మెల్లిగా మాట్లాడబోయింది. రాలేదు. ఇన్నేళ్ళు నా కోసం పెంచీ పెంచీ ఆ పెంచిందే గొంతయి కూర్చుంది. మా ఇంట్లో రోజూ గొడవలేనని వీధంతా అనుకుంటోందట. పాపం, మంచి మనుషులు, మధ్యలోకి రాలేదు.

"తెలిసీ ఆ కషాయం ఎందుకు తాగావు?" అని అడిగాను ఆ సాయంత్రం.

"మిల్లులో అందరూ మిమ్మల్ని చెవిగారు అనేవారు కదండీ. అది పోయిందని నా నోటితో నేనెలా చెప్పను? కషాయమే కదా. తాగేశాను."

ఆ వేసవి జాడీ వాసెన విప్పాం. ఆవిడ వేడన్నంలో ఆవకాయ కలుపుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. రెండేళ్ళ బాకీ తీరుస్తున్నట్టు తింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించడం నేర్చుకునేది. "ఇప్పుడు వినపడుతోందా? ఇప్పుడు?" అంటూ కొంచెం కొంచెంగా, దీపం వత్తి దించినట్టు దించేది. పెళ్ళయిన కొత్తలో, మామగారింట్లో నలుగురూ వినకుండా నాతో మాట్లాడిన గొంతు ఒకటుండేది. ఏడాది తిరిగేసరికి దాదాపు అక్కడికి వచ్చేసింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. కానీ ఘనకార్యం సగంలో వదిలే మనిషిని కాను.

ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. మొదట మురిసిపోయాను. పాత గొంతు వచ్చేసింది అనుకున్నాను. ఇంకా తగ్గింది. మాట మధ్యలో ఆగి మళ్ళీ అందుకునేది. ఒకసారి బుద్ధి వచ్చిన మనిషిని కదా, ఈసారి తొందరపడలేదు. తప్పు ఎవరిదో నాకు తెలుసు. మిషను బ్యాటరీ మార్చాను. గొట్టం శుభ్రం చేశాను. అయినా తగ్గుతుంటే రాజమండ్రి వెళ్ళి మిషను సర్వీసుకు ఇచ్చాను. "నా చెవి ఇంకా దిగిపోతున్నట్టుంది, అన్నపూర్ణా" అన్నాను దిగులుగా. నా దిగులు చూసి ఆవిడ నన్నే ఓదార్చింది.

"పోనీలెండి. వయసు కదా."

మిషను సర్వీసు నుంచి వచ్చింది. బాగానే ఉందన్నారు. నేను నమ్మలేదు. మళ్ళీ ఇచ్చాను. ఆ వారంలోనే సూరిబాబు వచ్చాడు. అక్కతో కాసేపు మాట్లాడి, నన్ను వీధిలోకి పిలిచాడు.

"అక్క గొంతేంటి బావగారూ, అలా ఉంది?"

"నాకూ సరిగ్గా వినపడటం లేదు సూరిబాబూ. మిషను సర్వీసుకిచ్చాను. సోమవారం వస్తుంది."

"మీ మిషను సంగతి కాదండి నేనడిగేది." వాడు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు. అయినా ప్రతి అక్షరం వినపడింది. "నాకు మిషను లేదు కదండీ. నాకూ వినపడలేదు."

ఆసుపత్రిలో చూసి గుండె వాచిందన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. గొంతులో ఏమీ లేదు, గొంతు ఈసారి కూడా బాగానే ఉంది. మాటను బయటికి తోసే గాలే లేదు. కాళ్ళ వాపు చీర కుచ్చిళ్ళ కింద దాచుకుందట, మిషను బాగయ్యాక చెబుదామని. ఉప్పు పూర్తిగా మానేయాలన్నారు. ఆవకాయ మళ్ళీ బందు. ఈసారి బందు పెట్టింది నేను కాదు. ముందే తీసుకొస్తే ఎలా ఉండేదని నేను డాక్టరుని అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను వేలితో దగ్గరికి రమ్మంది. వంగాను. చెవిని దేనికైనా ఆనిస్తే మిషను ఈల వేస్తుంది, అందుకని తీసి జేబులో పెట్టుకున్నాను. చెవి వెనక ఎముకను ఆవిడ దవడకు ఆనించి కళ్ళు మూసుకున్నాను. వార్డులో ఫ్యాన్లు, బళ్ళు, మనుషులు, అన్నీ దూరంగా వెళ్ళిపోయాయి. ఎముకలోంచి, చాలా లోపలి నుంచి, గుంయ్‌మని ఆవిడ మాట వచ్చింది.

"ఈసారి రిపేరు ఎవరికండీ?"

"నాకే" అన్నాను.

నవ్విందని ఎముకకి తెలిసింది.

కాబట్టి పాఠకులారా, ఇన్నేళ్ళ అనుభవంతో, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మా ఆవిడ గొంతు విషయంలో ఇకమీదట నేను ఏ పొరపాటూ చేయను. బాగున్న గొంతుకు కషాయం కాయను. బాగులేని మనిషిని వదిలేసి మిషను సర్వీసుకు ఇవ్వను. ఈ మాట తప్పుతానేమోనని ఎవరూ అనుమానపడక్కర్లేదు. మిషను ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది. పొద్దున్నే చెవిలో పెట్టుకుంటాను. గడియారం వినపడుతోంది. పోపులో ఆవాలు వినపడుతున్నాయి. కుక్కరు ఈల వినపడుతోంది. ఇంట్లో ఏ మోతా తగ్గలేదు, ఒక్కటి తప్ప. ఈసారి తప్పు మిషనుది కాదని మాత్రం నాకు తెలుసు.